పాస్టరుగారు దొరికేదాకా

"పాస్టరమ్మగారూ, దేవుడు మన మొర ఆలకించాడు. పాస్టరుగారు దొరికారు" అన్నాడు వెల్డరు మామయ్య, గుమ్మం దాటకుండానే.

అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో బడిపిల్ల గౌనుకి అంచు మడిచి కుడుతోంది. పాదం ఆగింది. చెయ్యి మాత్రం చక్రం మీదే ఉండిపోయింది.

"అయ్యో, ఎప్పుడు తప్పిపోయాడు మామయ్యా?" అన్నాను నేను.

"నువ్వుండవే" అంది అమ్మ.

వెల్డరు మామయ్య నా సొంత మామయ్య కాదు. మా సంఘానికి పెద్ద. వీధి చివర గేట్లూ గ్రిల్సూ చేసే షాపు ఆయనది. చిన్నప్పుడు నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పినవాడు. అందుకే కాబోలు, ఆ రోజు నా మొహం చూడకుండా నేల చూస్తూ మాట్లాడాడు. అధ్యక్షులవారు, అంటే మాలాంటి సంఘాలన్నిటికీ పైన ఉండే పెద్దమనిషి, వచ్చే ఆదివారం స్వయంగా వస్తారట. తన మేనల్లుణ్ని మాకు కాపరిగా నియమిస్తారట. కుర్రాడు బాగా చదువుకున్నాడట. గిటారు కూడా వాయిస్తాడట.

"మీరు ఉన్నపళంగా ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన పనేం లేదమ్మా. ఆయనకింకా పెళ్లి కాలేదు. నెమ్మదిగా చూసుకోవచ్చు. స్త్రీల కూటమి ఎప్పటిలా మీదే. ఆదివారం మాత్రం మీ పాట ఒకటి ఉండాలి. అదే, అతుకు పాట. అది లేకపోతే నిండుతనం ఏముంటుంది చెప్పండి?"

"గొంతు కోసి, ఆ గొంతుతోనే పాడమంటున్నారన్నమాట" అన్నాను.

"టీ తాగుతారా అన్నయ్యా?" అంది అమ్మ.

"వద్దమ్మా, షాపులో కుర్రాళ్లు ఎదురుచూస్తుంటారు" అని ఆయన వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ మా గేటు బందు వదులైందని గమనించి, దాన్ని అలవాటుగా ఒకసారి పైకెత్తి సర్ది మరీ పోయాడు. ఆ పని చూస్తే నాకింకా ఒళ్లు మండింది. గేటు బాగుండాలి, ఇంట్లో మనిషి ఏమైపోయినా ఫరవాలేదు.

అమ్మ మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. దారం తెగింది. ఎక్కించింది. మళ్లీ తెగింది.

పంతులమ్మ అంటే పాఠం చెప్పే మనిషి. డాక్టరమ్మ అంటే సూది వేసే మనిషి. పాస్టరమ్మ అంటే మాత్రం పాస్టరుగారి ఇంట్లో టీ పెట్టే మనిషి. ఈ తేడా ఎవరు పెట్టారో నాకు తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతాను. అక్కడ కొలత తప్పితే తప్పన్నమాటే, మర్యాద కోసం దాన్ని ఒప్పు అనరు. ఇంటికొస్తే అన్నీ మర్యాదలే.

అమ్మ పాట నేర్చుకున్నది ఆసుపత్రి లాండ్రీలో. అమ్మమ్మ అక్కడ దుప్పట్లు ఉతికేది, అమ్మ మడతపెట్టేది. అవి వార్డుకి తీసుకెళ్లినప్పుడు మంచం పట్టినవాళ్లు "ఒక పాట పాడమ్మా" అనేవాళ్లు. కన్నుమూయబోయే మనిషి దగ్గర గొంతు పెంచకూడదని, అలాగని ఏడవకూడదని అమ్మకు అక్కడే తెలిసింది. రోగులకు ప్రార్థన చెయ్యడానికి వచ్చిన ఒక కుర్ర పాస్టరు ఆ గొంతు విని, మూడు వార్డులు దాటి వెతుక్కుంటూ వచ్చాడు. ఆయనే మా నాన్న. నాన్నకు శ్రుతి అనేది బొత్తిగా లేదు. ఆయన పాట ఎత్తుకుంటే రేకుల మీద పావురాలు లేచిపోయేవని ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

మా సంఘంలో చాలామందికి చదువు రాదు. అందుకని అమ్మ పాట అందించేది. అంటే, పాడబోయే చరణాన్ని ముందు గబగబా మాటల్లో చెప్పి, కుడిచెయ్యి కొంచెం ఎత్తి ఆగుతుంది. జనం ఆ మాటలు అందుకుని పాడతారు. వాళ్ల పాట అయిపోయేలోగా తర్వాతి చరణం చెప్పేస్తుంది. పాటలే కాదు, ప్రార్థన అలాగే, పెళ్లి ప్రమాణాలు అలాగే. చెయ్యి లేచిందంటే చాలు, ఎంత ముసలివాళ్లయినా చెప్పింది చెప్పినట్టు తిరిగి అంటారు. మా సంఘం మొత్తం అమ్మ నోటి నుంచి అందుకున్నదే.

ఆమె కట్టిన పాటలన్నీ కుట్టుమిషను మీద పుట్టినవే. అతుకు పాటకు తాళం తొక్కుడు చప్పుడే.

చిరిగిన బతుకని పారెయ్యలేదు నీవు
అతుకేసి తొడుక్కుని నాదేనన్నావు

ఆ పాట క్యాసెట్టుగా వచ్చి ఎక్కడెక్కడికో పోయింది. అట్ట మీద నాన్న ఫొటో. కింద 'పాస్టరుగారి పాటలు' అని పెద్ద అక్షరాలు. దాని కింద చిన్నగా, 'గానం: సతీమణి'. అదేంటండీ అని నాన్న అడిగితే, "ఆడవాళ్లు రాశారంటే ఎవరు కొంటారయ్యగారూ?" అన్నాడట క్యాసెట్ల షాపువాడు. నాన్న ఒకపూట గొణిగి, "దేవుడికి తెలుసులే" అన్నాడు. దేవుడికి తెలుసు, నిజమే. కాకపోతే దేవుడు క్యాసెట్లు కొనడు.

తర్వాత పెద్ద సభలకు పిలుపులొచ్చాయి. వేదిక మీద దీపాలు, కింద వేలమంది. నిర్వాహకుడు వచ్చి చెవిలో చెప్పేవాడు: "సిస్టర్, జనం సర్దుకునేదాకా పాడండి." జనం సర్దుకోగానే మైకు లాక్కునేవాళ్లు. అసలు ప్రసంగీకుడు అప్పుడొచ్చేవాడు, అధ్యక్షులవారో ఇంకొకరో. ఆ జనం వచ్చింది ఎవరి పాట కోసమో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు.

నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సమాధి చేసి వచ్చిన సాయంత్రం పెద్దలు కూర్చుని తీర్మానం చేశారు: "కొత్త పాస్టరుగారు దొరికేదాకా పాస్టరమ్మగారే చూసుకుంటారు." నేనప్పుడు రెండు జడల పిల్లని. నా చదువంతా ఆ 'దాకా'లోనే అయిపోయింది. ఈ లోపల అమ్మ ప్రసంగాలు చేసింది, పెళ్లిళ్లు జరిపించింది, సమాధి గుంటల పక్కన నిలబడింది, తాగి వచ్చిన మొగుళ్ల చేతుల్లోంచి కర్రలు లాక్కుంది, పురుళ్లకు ఆటోలు పిలిచింది. ఆదివారం నిలబడి మాట్లాడేది గంటే. మిగతా వారమంతా నడకే. ఎవరూ కొత్త పాస్టరు ఊసెత్తలేదు. ఎందుకెత్తుతారు? అప్పుడు మాది రేకుల షెడ్డు. వాన కురిస్తే ప్రసంగం వినపడదు. ఎండ కాస్తే పిల్లలు సొమ్మసిల్లుతారు. అలాంటి చోటికి ఏ మేనల్లుడొస్తాడు?

కిందటేడు స్లాబు పడింది. ఫ్యాన్లు, పలకల నేల, గోడ మీద తెర వచ్చాయి. వెంటనే అధ్యక్షులవారికి మా సంఘం కాపరి లేక అల్లాడుతోందని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం వంటింట్లో అమ్మతో గొడవ పెట్టుకున్నాను.

"పాడతావా?"

"అడిగారుగా."

"వాళ్లు అడిగితే నీ సమాధి నువ్వే తవ్వుకుంటావా? నీకేం కావాలో ఒక్కసారి నోరు తెరిచి చెప్పమ్మా. ఈ ఇల్లా? నా జీతంతో ఇంతకంటే మంచి ఇంట్లో ఉండొచ్చు."

అమ్మ గిన్నె తోముతూ వెనక్కి తిరగలేదు. "ఇల్లెవడిక్కావాలే? అర్ధరాత్రి ఎవరైనా పోతే వచ్చి నా తలుపు కొడతారు చూడు. అది కావాలి. అది నా పని. రేపట్నుంచి ఆ తలుపు ఇంకొకరిది. ఆ కుర్రాడు మంచివాడే అయ్యుండొచ్చు. లేచి వెళ్తాడో లేదో నాకేం తెలుసు?"

"ఆ మాట వాళ్లతో అను మరి!"

"కోపంలో అంటే తప్పు మాట వస్తుంది."

"కోపం లేకుండా ఇన్నాళ్లున్నావుగా, ఏం ఒప్పు మాట వచ్చింది?"

అమ్మ గిన్నె బోర్లించింది. "ఆదివారం గుడి మెట్ల దగ్గర చెప్పులతో పాటు ఆ కోపం కూడా విడిచి రా. చిన్నప్పట్నుంచి చెప్తున్నాను." నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచి ఆమె చెప్పేది అదే. విడిచి వచ్చేదాన్ని కూడా. తిరిగొచ్చేసరికి చెప్పులు ఒక్కోసారి ఉండేవి కావు, కోపం మాత్రం ఎవరూ ఎత్తుకుపోకుండా అక్కడే ఉండేది.

ఆదివారం గుడి నిండింది. అధ్యక్షులవారు తెల్లటి అంగీలో, రెండు కార్లతో వచ్చారు. మేనల్లుడు సన్నగా, బెదురుగా ఉన్నాడు. అమ్మను చూడగానే చేతులు జోడించి, "మా అమ్మ మీ పాటలు పెట్టుకునే పనులు చేసుకుంటుందండీ" అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించాను. సరిగ్గా కుదరలేదు. ఆ కోపం కూడా కలిపి వాళ్ల మామయ్య ఖాతాలో వేశాను.

అతను గిటారుతో మొదటి పాట ఎత్తుకున్నాడు. మాటలు తెర మీద పడ్డాయి. చదువొచ్చిన కుర్రాళ్లు గొంతు కలిపారు. ముందు వరుసల్లో ముసలివాళ్లు నోళ్లు సగం తెరిచి, అందించేదాకా ఆగుదామని కూర్చున్నారు. ఎవరూ అందించలేదు. పాట అయిపోయింది.

"ఆ పిల్లోడు ఊపిరి తీసుకోనివ్వడేంటే?" అని ఇస్త్రీ అత్త నా చెవిలో అంది. ఆమె మా వీధి మలుపులో బట్టలు ఇస్త్రీ చేస్తుంది. ఆమె భర్త పోయిన రాత్రి వచ్చి కొట్టింది మా తలుపే.

అధ్యక్షులవారు ప్రసంగించారు. కాపరి లేని మంద గురించి చాలాసేపు, చాలా జాలిగా చెప్పారు. పక్క కుర్చీలో అమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని విన్నది. తర్వాత ఆయన మేనల్లుణ్ని ముందుకు పిలిచి, మా వైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, రాగం తీస్తూ అడిగారు:

"ఈయనను మీ కాపరిగా అంగీకరిస్తున్నారా?"

అని ఆగారు.

చెయ్యి లేచింది. మాట ఆగింది. మావాళ్లకు అంతకంటే ఏం కావాలి? గుడి మొత్తం ఒక్క గొంతుతో, చివరి మాట కొంచెం దించి, అమ్మ నేర్పినట్టే తిరిగి చెప్పింది:

"ఈయనను మీ కాపరిగా అంగీకరిస్తున్నారా?"

నాకు నవ్వు ఆగలేదు. అధ్యక్షులవారు ఎగతాళి అనుకున్నారు. మెడ మీద నరం లేచింది. వెల్డరు మామయ్య పరుగున వెళ్లి, "ఎగతాళి కాదండీ. అందిస్తే అంటారు, అలవాటు" అన్నాడు. మైకు అదంతా వినిపించింది.

"సరే. అంగీకరిస్తున్నాము, అని చెప్పండి" అన్నారాయన, చెయ్యి దించకుండానే.

"అంగీకరిస్తున్నాము అని చెప్పండి" అంది సంఘం, ఎంతో భక్తిగా.

పిల్లలు పగలబడి నవ్వారు. మేనల్లుడు తల దించుకున్నాడు, వాడికీ నవ్వొస్తోంది పాపం. అధ్యక్షులవారు రుమాలుతో మొహం తుడుచుకుని అమ్మ వైపు తిరిగారు. "పాస్టరమ్మగారూ, మీరొచ్చి అందించండి. 'అంగీకరిస్తున్నాము' అంటే చాలు. మీరంటే అంటారు. ఆనక మీ పాట ఉండనే ఉంది."

నా నవ్వు అక్కడితో చచ్చింది. ఆమె పని ఆమె చేతే ఊడబెరికించడం ఆయనకు తప్పుగా అనిపించలేదు. మైకు సర్దమని అడిగినంత తేలిగ్గా అడిగాడు.

అమ్మ లేచింది. కళ్లజోడు సవరించుకుని మైకు దగ్గరికి వెళ్లింది. కుడిచెయ్యి లేచింది. గుడిలో అందరూ ఊపిరి పీల్చుకుని సిద్ధమయ్యారు. ఆమె అంగీకరిస్తున్నామంటే అదే అంటారు. 'అంగీకరించము' అంటే అదీ అంటారు. రెండిట్లో ఏదైనా ఒక్క క్షణం పని. నేను నిలబడి, రెండోది అనమని పెదాలతో చెబుతున్నాను.

అమ్మ నన్ను చూసింది. చెయ్యి దించేసింది.

"ఇది నేను అందించను" అంది.

ఎవరూ తిరిగి అనలేదు. చెయ్యి దిగి ఉంది కదా.

"పాట అందించాను, పాడారు. ప్రార్థన అందించాను, చేశారు. ఇది పాట కాదు. ఎవరి మాట వాళ్లు చెప్పాల్సింది. ఒప్పుకుంటే ఒప్పుకున్నానని, లేదంటే లేదని, మీ నోటితో మీరే చెప్పండి. నా మాట నేను చెప్తాను. మళ్లీ అనకండి, ఊరికే వినండి." కొంచెం ఆగింది. "మా పిల్ల మొన్న అడిగింది, పాస్టరుగారు ఎప్పుడు తప్పిపోయాడని. నేను దాని నోరు మూయించాను. అది అడిగింది నిజం. ఎవరూ తప్పిపోలేదు. ఇక్కడ పాస్టరు పని చేస్తున్నది నేను. ఇన్నేళ్లూ నేనే చేశాను. ఈ అబ్బాయి మీద నాకేం లేదు. కానీ నేను ఒప్పుకోను."

గుడిలో ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి మావాళ్లు తమ మాట తామే వెతుక్కోవాల్సి వచ్చింది. చేతుల్లో ఉన్నది జారిపోయినట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అధ్యక్షులవారు నెమ్మదిగా నవ్వి మైకు తనవైపు తిప్పుకున్నారు. "మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు. సంఘం అంగీకరించినట్టే."

"అర్ధమంటే సగమే కదండీ అయ్యగారూ" అంది అమ్మ, మైకు లేకుండానే. లాండ్రీలో నేర్చిన గొంతు అది, చివరి వరుసదాకా వినపడింది. "ఇన్నాళ్లూ పాస్టరుగారి అర్ధాంగి అన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు అర్ధాంగీకారం అంటున్నారు. ఆ మిగతా సగం ఏమంటుందో కూడా వినిపోండి."

ఇస్త్రీ అత్త మోకాళ్లు పట్టుకుని లేచింది. "నాకు మాటలు రావు. ఎవరైనా చెప్తే అంటాను, అంతే. కానీ ఈయన వద్దు. ఈయన చెడ్డోడని కాదు. ఈమె ఉంది కదా, మళ్లీ ఈయనెందుకు?"

వెనకనుంచి కుర్రాళ్లు "మాకిష్టమే" అన్నారు. వాళ్లకు గిటారు నచ్చింది. ఒకావిడ "ఇద్దరూ ఉంటే పోలా?" అంది. "రెండు కత్తులు ఒక ఒరలో ఇముడుతాయా?" అన్నాడు ఆమె మొగుడు. "నువ్వూ నేనూ ఇమడలేదా?" అందామె. ఇంకెవరో గట్టిగా "వద్దు" అన్నారు. మరొకరు "కావాలి" అన్నారు. ఒక్క గొంతుగా ఉండే గుడి నూరు గొంతులైపోయింది.

"పెద్దగారూ, మీరు చెప్పండి" అన్నారు అధ్యక్షులవారు.

వెల్డరు మామయ్య నేల చూశాడు. ఈ పలకల నేల ఆయనే దగ్గరుండి వేయించాడు. "అంగీకరిస్తున్నానండీ" అన్నాడు. నా చిన్నప్పటి భుజం అది. అమ్మ ఆయన ఇంట్లో ముగ్గురి పెళ్లిళ్లు చేసింది, ఆయన తల్లి చివరి రాత్రి ఆమె మంచం పక్కన కూర్చుంది. అవన్నీ తెలిసే ఆ మాట అన్నాడు.

"నేను ఒప్పుకోను" అంది ఆయన పక్కనున్న ఆయన భార్య. "నువ్వు కూర్చో" అన్నాడు. "కూర్చున్నాగా ఇన్నాళ్లూ. ఇంటికి రా, చెప్తాను."

"మామయ్యా, ఇవాళ్టికి ఆపితే..." అని మేనల్లుడు ఏదో అనబోయాడు. "మోకరించు" అన్నారు అధ్యక్షులవారు. అతను మోకరించాడు. ఆయన అతని తలమీద చేతులుంచి ప్రార్థన కానిచ్చేశారు. అంతే. అయిపోయింది. మేము ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ చేతులు ఆ తల మీదికి వెళ్లేవే. మమ్మల్ని అడగడం ఉత్త లాంఛనం.

అమ్మ వేదిక మెట్లు దిగి నడవాలోకి వచ్చింది.

"పాట పాడి వెళ్లండి కనీసం" అన్నారాయన మైకులో, గొంతులో మళ్లీ తేనె పూసుకుని. "జనం కదిలిపోయారు, చూడండి."

అమ్మ వెనక్కి తిరిగింది. "జనం సర్దుకునేదాకానా?" అంది.

ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ మాట ఆమె ఇన్నేళ్లూ మర్చిపోలేదని, ఆమెకు కోపం లేదనుకోవడం నా తెలివితక్కువని అప్పుడు తెలిసింది. దాన్నీ మడిచి, అంచు కుట్టి, దాచుకుంది.

ఆమె వెనక నేను, నా వెనక ఇస్త్రీ అత్త, వెల్డరు అత్తయ్య, ముందు వరుస ముసలివాళ్లు, చంకలో పిల్లలతో కొందరు ఆడవాళ్లు, వాళ్ల వెనక బెరుకుగా ఇద్దరు ముగ్గురు మగవాళ్లు బయటికొచ్చాం. సగమంటే సగం కూడా లేం. లోపల గిటారు మొదలైంది. చప్పట్లు కూడా మొదలయ్యాయి. ఎంత తొందరగా సర్దుకున్నారో!

మెట్ల దగ్గర చెప్పుల కోసం తోపులాట.

"వచ్చే ఆదివారం ఎక్కడ పాస్టరమ్మా?" అంది వెల్డరు అత్తయ్య.

"పాస్టరుగారూ అనండి" అన్నాను నేను, పళ్లు బిగించి.

"నా నోటికి తిరగదే తల్లీ" అంది ఇస్త్రీ అత్త, ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కుంటూ. "పంతులమ్మంటే పంతులే కదా. ఇదీ అంతే. నా షెడ్డుంది. బట్టల మూటలు ఓ పక్కకి నెడితే సరి."

"స్లాబు కిందనుంచి మళ్లీ షెడ్డుకా?" అన్నాడు వెనక నుంచి ఒక మగగొంతు.

"దానికి మాత్రం స్లాబు వెయ్యకండి" అంది అమ్మ. "వేస్తే మళ్లీ ఎవరికో పాస్టరు దొరుకుతాడు."

నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నా చెప్పులు గోడవార ఉన్నాయి. వాటి ముందు నిలబడి, చిన్నప్పట్నుంచి నేర్చిన ప్రకారం ఊపిరి బిగబట్టి, లోపల మండుతున్నదాన్ని అణుచుకుంటున్నాను. లోపల చప్పట్లు ఆగడం లేదు.

అమ్మ గేటు దాకా వెళ్లి తిరిగి చూసింది. "ఏంటే, అక్కడే పాతుకుపోయావ్?"

"కోపం తగ్గనీ, వస్తాను."

"తగ్గించకు" అంది అమ్మ. "చెప్పులేసుకో. దాన్నీ తెచ్చుకో. పనుంది."